మాష్టారికి మర్యాద

జిగాన్సే
2009 జనవరి 12, సోమవారం

ఉత్తరం నుంచి దుమ్ముగాలి. పొద్దెక్కాక కూడా సూర్యుడు చంద్రుడిలా పాలిపోయి ఉన్నాడు. పిండిమర రాళ్ళు విప్పి గంట్లు కొట్టాను.

అమ్మాయి మమూనాకు,

తేదీ, వాతావరణం, చేసిన పని రాస్తే తప్ప నా చెయ్యి ముందుకు సాగదని నీకు తెలుసు. నవ్వుకుంటే నవ్వుకో. మీ అమ్మ బాగానే ఉంది. మోకాలు వాచింది గాని నీకు రాయొద్దంది.

నవంబరులో నువ్వొచ్చి వెనక బల్ల మీద కూర్చుని రాసుకుపోయిన క్లాసు గురించి ఈ ఉత్తరం. మర గదికీ బడికీ మధ్య గోడ ఒక్కటే కాబట్టి అక్కడ జరిగేదంతా నాకు వినబడుతుంది. మా అమ్మాయి అలిమాటా పోయినేడు ఎలా ఉండేదో చూశావుగా. బడికి వెళ్ళడం, తల వంచుకుని కూర్చోవడం, తిరిగి రావడం. తప్పు ఆ పిల్లది కాదు. పెద్దవాళ్ళను ప్రశ్న అడిగితే మనం ఇంట్లోనే ఊరుకోం, ఇక బళ్ళో ఏం అడుగుతుంది?

మొన్న నెబియే మాష్టారు పదిహేడులోంచి తొమ్మిది తీసేసి ఆరు అని బోర్డు మీద రాశాడు. ఎప్పట్లాగే కావాలని తప్పు రాశాడు. పిల్లలు చూస్తూ కూర్చున్నారు.

"ఏం, నోటి నిండా వేరుశనక్కాయలు కుక్కుకున్నారా, మాట రావడం లేదు?" అన్నాడు.

అలిమాటా లేచింది. "కుక్కల్ని తినేవాళ్ళకి తీసివేతలు ఏం తెలుస్తాయి? ఎనిమిది."

"చూశారా, నా బానిస నాకే పాఠం చెబుతోంది. రా, దిద్దు."

అది వెళ్ళి దిద్దింది. క్లాసంతా బల్లలు కొట్టింది. మర ఆపేసి విన్నాను. ఆ గురున్సీవాడు మన ఊరికి వచ్చి రెండేళ్ళే అయినా, మన బీసా మాటల్ని పిల్లల దగ్గరే నేర్చుకుని, వాటితోనే వాళ్ళకి పాఠం చెబుతున్నాడు. అతను ఒక మాట తప్పు పలికితే దిద్దడానికి పదిమంది లేస్తారు. అలా దిద్దీ దిద్దీ వాళ్ళకి నోరు వచ్చింది.

కానీ శుక్రవారం తెల్లకారు వచ్చింది. మాతృభాష క్లాసులకి పుస్తకాలిచ్చే ఆ సంస్థవాళ్ళూ, వాళ్ళతో జిల్లా ఆఫీసు మనిషీ. బడి వదిలాక మాష్టారిని లోపలే చాలాసేపు కూర్చోబెట్టారు. తరవాత అతను మర దగ్గరికి వచ్చాడు. మామూలుగా అయితే "పిండిదొంగా, ఇవాళ ఎవరి సంచీ తేలిక చేశావ్?" అంటాడు. ఆ రోజు, "రస్మానే, నేనెప్పుడైనా మీ పిల్లల్ని అవమానించానా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

నీకేమైనా తెలిస్తే రాయి. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

రస్మానే మామ


వాగడూగూ
జనవరి 18

మామయ్యకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ మోకాలికి మందు పంపుతున్నాను. నేను పంపానని చెప్పకండి, మీరే కొన్నారని చెప్పండి.

తెల్లకారు వచ్చింది నా వల్లే.

నవంబరులో నేను విన్న ప్రతి మాటా రాసుకున్నాను. మా ప్రొఫెసరు ఆ సంస్థకి ఇచ్చే నివేదికలో మన బడి గురించిన పేజీలు నావే. పిల్లలు ఎన్నిసార్లు ప్రశ్న అడిగారో, గురువు తప్పుని ఎన్నిసార్లు దిద్దారో రాశాను. ఇంకే బళ్ళోనూ అలాంటిది కనబడలేదు కాబట్టి గర్వంగానే రాశాను. వాళ్ళు ఏమేం అనుకున్నారో కూడా ఉన్నదున్నట్టు ఫ్రెంచిలోకి మార్చి పెట్టాను. "నా బానిసలారా." "వేరుశనగ దొంగలు." అవన్నీ.

ఒక్క వాక్యం మాత్రం రాయలేదు. గురున్సీలకీ మన బీసావాళ్ళకీ ముత్తాతల కాలం నుంచి వేళాకోళం వరస అనీ, ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చనీ, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పనీ రాయలేదు. ఎందుకు రాయలేదంటే, అన్నం చేత్తో తింటామని ఎవరైనా రాస్తారా మామయ్యా? అందరికీ తెలిసిందేగా అనుకున్నాను. ఆ పేజీలు చదివినావిడ ఈ దేశంలో అడుగుపెట్టింది ఈమధ్యనే. వేరే జాతి గురువు పసిపిల్లల్ని జాతి పేరు పెట్టి తిడుతున్నాడని ఆవిడకి అర్థమైంది. వెంటనే మంత్రిత్వశాఖకి రాసింది.

ప్రొఫెసరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన మోసీ. మోసీలకీ సామోలకీ ఇలాంటి వరసే ఉంది కాబట్టి ఆయనకి తెలియని సంగతేం కాదు. నవ్వి, నవ్వు ఆపి, "అమ్మాయ్, ఇది కాగితం మీదికి ఎక్కిపోయింది. కాగితం ముందు ఎవరూ నవ్వరు" అన్నారు.

ఫిబ్రవరిలో టెంకోడోగోలో విచారణ ఉంటుంది. మాష్టారి ఉద్యోగం పోవచ్చు. ఆయన వెళ్ళిపోతే ఆ క్లాసుకి ఇచ్చే పుస్తకాలూ సాయమూ ఆగిపోతాయి. తల్లిదండ్రుల తరఫున మిమ్మల్ని పిలుస్తారు. మామయ్యా, ఒకటి అడుగుతాను, కాదనకండి. అక్కడ వేళాకోళం వద్దు. ఒక్క మాట కూడా వద్దు. మీరన్నదంతా రాసుకుంటారు. మాష్టారు మర్యాదస్తుడనీ, మీరంతా ఆయన్ని గౌరవిస్తారనీ చెప్పండి. మిగతా తండ్రులకి కూడా చెప్పండి. పిల్లల్ని కూడా అప్పటిదాకా నోరు అదుపులో పెట్టుకోమనండి.

నన్ను మీరు తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

మమూనా


జిగాన్సే
ఫిబ్రవరి 16, సోమవారం

గాలి తగ్గింది. మధ్యాహ్నం ఎండ గట్టిగా కాసింది. జల్లెడ చిరిగిన చోట కుట్టాను.

అమ్మాయి మమూనాకు,

విచారణ అయింది. ఉద్యోగం పోలేదు. ముందు అది తెలుసుకుని స్థిమితపడు.

నువ్వు చెప్పినట్టే చేశాం. ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళాం. గదిలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మాష్టారిని ఓ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మమ్మల్ని ఒక్కొక్కరినే లేచి చెప్పమన్నారు. బయట చెట్టుకింద మావాళ్ళందరికీ నేను ఒకటికి పదిసార్లు చెప్పి ఉంచాను. అందరూ బుద్ధిగా చెప్పారు. ముసలి సొర్గో కూడా చెప్పాడు. అతను మాష్టారిని కలిసినప్పుడల్లా టోపీ లాక్కుని, తన మేకకి తొడుగుతానని పట్టుకుపోయే మనిషి. చేతులు కట్టుకుని, "అయ్యగారు పెద్దమనిషి, మా అదృష్టం" అన్నాడు.

చివర నేను లేచాను. "నెబియే మాష్టారు గారు గౌరవనీయులు. మా ఊరంతా వారిని గౌరవిస్తుంది. వారు మమ్మల్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు" అన్నాను. ఫ్రెంచిలోనే చెప్పాను. రాత్రంతా నేర్చుకున్నది కాబట్టి తడబడలేదు.

అప్పుడు అతని వైపు చూశాను. మేం లోపలికి వచ్చినప్పుడు నిటారుగా కూర్చున్నవాడు, నా మాట అయ్యేసరికి బూట్ల వైపు చూస్తున్నాడు.

హెచ్చరించి వదిలేశారు. ఇకమీదట క్లాసులో పిల్లల్ని ఏ జాతి మాటా, ఏ తిండి మాటా, ఏ బానిస మాటా అనకూడదు. అన్నట్టు తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. సంతకం పెట్టాడు.

బయటికొచ్చి అందరం మాంసం కాల్చే కొట్టు దగ్గర కూర్చున్నాం. అతను మాతో ఉన్నప్పుడు నా ముక్క నేను తిన్నది ఎన్నడూ లేదు. లాక్కుని తింటూ, బానిసకి ఎముక చాలంటాడు. ఆ రోజు నిలబడే ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "రస్మానే గారూ, మీకూ మీ ఊరివారికీ కృతజ్ఞతలు. సెలవు ఇప్పించండి" అన్నాడు. ముందు బస్సుకే వెళ్ళిపోయాడు.

అందరూ పని అయిందని సంతోషంగా తిన్నారు. నాకు సగం కూడా దిగలేదు. ఎందుకో నీకు తెలిస్తే చెప్పు.

రస్మానే మామ


వాగడూగూ
ఫిబ్రవరి 24

మామయ్యకి,

ఉద్యోగం నిలిచిందన్న వాక్యం దగ్గర ఉత్తరం మడిచి హాస్టల్లో అందరికీ టీ పోయించాను. తరవాత మిగతాది చదివాను.

నెబియే మాష్టారికి క్షమించమని ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. "గౌరవనీయులైన కుమారి లెంగానీ గారికి" అని నా ఇంటిపేరుతో మొదలుపెట్టారు. నవంబరులో మొదటి రోజే నన్ను "వాగడూగూ వెళ్ళొచ్చిన వేరుశనక్కాయ, తొక్క మాత్రం కొత్తది" అన్న మనిషి. తన వల్ల నాకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నారట. ఆ ఉత్తరంలో ఒక్క తప్పు లేదు.

క్లాసు ఎలా ఉంది? ఇది ఊరికే అడగడం లేదు. మార్చి ఆఖరు సోమవారం సంస్థవాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి వాళ్ళకి కావలసింది తిట్లు కాదు. పిల్లలు నా పేజీల్లో ఉన్నట్టు నిజంగా ప్రశ్నలడుగుతారో లేదో చూస్తారు. అడగకపోతే నేను కల్పించి రాశానని అనుకుంటారు. నా చదువు సంగతి తరవాత, వచ్చే ఏడాది ఆ క్లాసు ఉండదు. పిల్లల్ని మళ్ళీ మొదటి రోజు నుంచీ ఫ్రెంచి బళ్ళో పడేస్తారు.

ఇక్కడ మా సంగతి చెబితే మీరు నవ్వుతారు. పెద్ద హాల్లో వందలమందిమి మెట్ల మీద కూడా కూర్చుంటాం. ప్రొఫెసరు చెబుతారు, మేం రాస్తాం. మొన్న బోర్డు మీద ఒక సంవత్సరం తప్పు పడింది. అది తప్పని నాకు తెలుసు. నా పక్కమ్మాయికీ తెలుసు. ఇద్దరం ఆ తప్పునే రాసుకున్నాం. అలిమాటా ఉంటే లేచేది.

మమూనా


జిగాన్సే
మార్చి 8, ఆదివారం

ఉక్క. ఆకు కదలలేదు. మర బెల్టు తెగితే అతికాను.

అమ్మాయి మమూనాకు,

అలిమాటా లేవడం లేదు.

ఎవరూ లేవడం లేదు. విచారణ ముందు మేం ఇళ్ళల్లో పిల్లల్ని గట్టిగా బెదిరించాం. మాష్టారిని ఒక్క మాటన్నా ఆయన్ని జైల్లో వేస్తారని చెప్పాం. నేను కూడా చెప్పాను. ఇప్పుడు పర్వాలేదంటే నమ్మరు. అతను వాళ్ళని "మీరు" అంటున్నాడు. "దయచేసి జవాబు చెప్పండి" అంటున్నాడు. బోర్డు మీద తప్పు రాయడం మానేశాడు. అన్నీ సరిగ్గానే రాస్తున్నాడు. పిల్లలు సరిగ్గానే ఎక్కించుకుంటున్నారు. గోడ ఇవతల నాకు సుద్దముక్క చప్పుడు వినిపిస్తోంది. అంతకుముందు అది వినబడేది కాదు.

మాష్టారికి ఒంట్లో బాగాలేదా అని అలిమాటా అడిగింది. బాగానే ఉన్నారన్నాను. "మరి నామీద ఎందుకు కోపం?" అంది.

నిన్న సాయంత్రం అతని ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో పెట్టెకి తాడు కడుతున్నాడు. లియోకి, వాళ్ళ ప్రాంతానికి బదిలీ కావాలని అర్జీ పెట్టాడట. నాకు కుర్చీ వేశాడు. నీళ్ళిచ్చాడు. ఎందుకు వెళ్తున్నారని అడిగాను. తాడు ముడి బిగించి ఇటు తిరిగాడు.

"రస్మానే గారూ, మా నాన్న ఒక మాట చెప్పేవాడు. బీసావాడు నిన్ను గౌరవించిన రోజున సామాను సర్దుకో, నీతో ఇక వాడికి చుట్టరికం లేదు అనేవాడు. టెంకోడోగోలో మీరంతా ఒకరి తరవాత ఒకరు లేచి నన్ను గౌరవించారు. ముసలి సొర్గో కూడా. ఆ ముగ్గురూ నా ఉద్యోగం తీసేసినా అంత బాధ ఉండేది కాదు."

అది నీ ఉద్యోగం కోసమే చేశామని చెప్పాలి. చెప్పలేదు. అది కూడా మర్యాదగానే చెబుతాను గదా, ఇంకా మంట పెట్టినట్టవుతుంది. అక్కడ అనవలసింది ఒక మంచి తిట్టు. నాకు రాలేదు. మా అన్న బతికి ఉంటే ఆ పెట్టె మీదే కూర్చుని, కుక్కమాంసం మూట కడుతున్నావా, నా వాటా ఏదీ అనేవాడు. ఇంట్లో నోరంతా వాడికి ఇచ్చి, నాకు లెక్కలిచ్చాడు దేవుడు. నీళ్ళు తాగి వచ్చేశాను.

రస్మానే మామ


వాగడూగూ
మార్చి 14

మామయ్యకి,

రేపటి బస్సుకి అందాలని రెండు ముక్కలే రాస్తున్నాను.

మర్యాదగా ఉండమని చెప్పింది నేను. చదువుకున్న తెలివితో చెప్పాను. ఆయన ఉద్యోగాన్ని ఆలోచించాను గాని చుట్టరికాన్ని ఆలోచించలేదు.

కానీ ఒకటి గమనించండి. ఆయన సంతకం పెట్టింది తన నోటికి. మీ నోటికి కాదు. పిల్లల నోటికీ కాదు. ఆ కాగితం నేను చదివాను, మిమ్మల్ని అనకూడదని అందులో ఎక్కడా లేదు.

అందుకని మామయ్యా, తిట్టండి. నేను వచ్చి తిట్టేదాన్ని, కానీ పరీక్షలు. అర్జీ మంజూరైతే ఏప్రిల్లోనే వెళ్ళిపోతారు. సంస్థవాళ్ళు వచ్చేలోపే తిట్టండి. ఏం తిట్టారో మాత్రం నాకు రాయకండి, మళ్ళీ ఎవరైనా చదువుతారు.

మమూనా


జిగాన్సే
మార్చి 30, సోమవారం

తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగాయి. మామిడి పిందెలు రాలాయి. జనరేటరు వడపోత గుడ్డ మార్చాను.

అమ్మాయి మమూనాకు,

రాయొద్దన్నావు గాని రాయక తప్పదు. ఇవాళే వాళ్ళు రావడం. తెల్లకారు ఇప్పుడే బడి ముందు ఆగింది. పిండికి ఎవరూ రాలేదు. ఊరంతా ఏదో పని ఉన్నట్టు బడి చుట్టూ తిరుగుతోంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మొదట సంతలో ప్రయత్నించాను. అతను బెండకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి వెళ్ళి, "బెండకాయలు నీకెందుకు, వీధిలో తోక ఆడించేవి బోలెడున్నాయిగా" అన్నాను. ఇంట్లో చాలాసార్లు అనుకుని వెళ్ళాను. అయినా లెక్క అప్పజెప్పినట్టు వచ్చింది. అతను తిరిగి చూసి, "రస్మానే గారూ, జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. కూరగాయలమ్మే ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. అతను నవ్వలేదు.

తరవాత ప్రతి ఇంటికీ వెళ్ళాను. తండ్రులకి చెప్పాను, మనం అతన్ని వెలి వేశామనుకుంటున్నాడని. ముసలి సొర్గో నెత్తి కొట్టుకున్నాడు. పోయి టోపీ లాక్కొచ్చాడు. మాష్టారు వెళ్ళి ఇంకో టోపీ కొనుక్కున్నాడు. అర్జీ వెనక్కి తీసుకోలేదు.

నిన్న అలిమాటాని కూర్చోబెట్టి, బెదిరించింది నా తప్పని చెప్పాను. నీ మాటకి జైలు లేదన్నాను. "మాష్టారు తిరిగి అనకపోతే?" అంది. "అనకపోతే లేదు. నువ్వు అను" అన్నాను. అది అంటుందో లేదో తెలియదు. పొద్దున గంజి తాగకుండా వెళ్ళింది.

ఇప్పుడు లోపల కుర్చీలు జరిపిన చప్పుడు. ఒక ఆడగొంతు ఫ్రెంచిలో ఏదో అడుగుతోంది. మాష్టారు నెమ్మదిగా జవాబు చెబుతున్నాడు. సుద్దముక్క చప్పుడు. ఆగింది. "ఎవరైనా ఏమైనా చెప్పదలచుకున్నారా, దయచేసి" అంటున్నాడు.

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు. ఆ ఆడమనిషి మళ్ళీ ఏదో అంది.

అది అలిమాటా గొంతు. సన్నగా వణుకుతోంది. "కుక్కల్ని తిని తిని మాష్టారికి కళ్ళు పోయాయి."

బడి చుట్టూ తిరిగేవాళ్ళు ఆగిపోయారు. అతను ఒక్క మాట తిరిగి అంటే ఉద్యోగం పోతుంది. అనకపోతే నా కూతురు మళ్ళీ ఈ జన్మలో లేవదు. ఈ సంగతి మొన్నే ఎందుకు ఆలోచించలేదో నాకు తెలియదు.

అతను ఫ్రెంచిలో మాట్లాడుతున్నాడు, ఆ అతిథులతో. "ఈ పిల్ల నాకు చుట్టం. నేను కుక్కల్ని తింటానంటోంది. నిజమే, మా ఊళ్ళో తింటాం, బావుంటాయి. ఇది నన్ను ఇలా అనడానికి హక్కున్న చుట్టం. ఈ మాట కోసం నేను నెల్లాళ్ళుగా కాచుకుని కూర్చున్నాను."

ఇప్పుడు బీసాలో, పిల్లలతో. "కానీ చెల్లదు. తప్పు ఎక్కడుందో చూపించకుండా తిడితే ఆ తిట్టు చెల్లదు. ఎక్కడుంది?"

ఎవరో "రెండో వరస" అన్నారు. ఇంకెవరో కాదు మూడో వరస అంటున్నారు. ముగ్గురు నలుగురు ఒకేసారి. బల్లలు కొడుతున్నారు. ఆ ఆడమనిషి ఏమంటోందో ఈ గోలలో నాకు వినబడడం లేదు. కోపమో నవ్వో గొంతుని బట్టి తెలియడం లేదు.

మాష్టారు కిటికీ దగ్గరికి వచ్చాడు. పిల్లల్ని అనకూడదనేగా సంతకం పెట్టాడు, నన్ను కాదుగా. గట్టిగా, నిండు బీసాలో అరుస్తున్నాడు. "గోడ పక్కన నక్కిన పిండిమొహం, ఈ పిల్లకి మాటలు అరువిచ్చింది నువ్వే. అతిథులు నిన్ను చూడాలంటున్నారు. కడుక్కోకుండానే రా, మీ జాతి ఎలా ఉంటుందో సరిగ్గా రాసుకుంటారు."

వెళ్ళాలి. ఏమనాలో తెలియడం లేదు. ఇవాళ జనరేటరు తరవాత చేసిన పని ఏమిటో తిరిగొచ్చాక రాస్తాను.